సున్నం కింద రెండో పాము

"ఆ రెండో పాము సున్నంలోంచి ఇంకా కనపడతా ఉందా?" అని అడిగినాడు మా ఆయన.

"కనపడతా ఉంది," అన్నా.

"ఇంకో కోటింగు ఎయ్యాల," అన్నాడు.

నెల్లూరు ఆస్పత్రిలో మంచం మీద, మూతి మీద ఆక్సిజను మాస్కు పక్కకి జరిపి అన్న మాటలివి. ఆయన నాతో ఆడిన ఆఖరు మాటలు అవే. అన్నేళ్ళు కాపురం చేసిన మనిషి ఆఖర్న దేవుణ్ణి తలుచుకుంటాడో, నన్ను గురించి ఏమన్నా అంటాడో అని పక్క మంచం రోగి భార్య కూడా చెవి ఒగ్గి కూర్చోనుంది. ఆయన గోడ సంగతి చెప్పి కళ్ళు మూసుకున్నాడు.

రిటైరైన ఉద్యోగుల సంఘం వాళ్ళు పుస్తకం ఏస్తారంట. ఆస్పత్రిలో పనెట్టా ఉంటాదో బయటోళ్ళకి తెలియాల, నీ సర్వీసులో జరిగింది ఒకటి చెప్పు సంతోషమ్మా అని అడిగినారు. నాకు సంతకం వచ్చు, బస్సు మీద పేరు కూడబలుక్కోవడం వచ్చు, అంతకు మించి రాదు. అందుకని నేను చెప్తా ఉండా, మా చెల్లెలి కూతురు రూతు రాస్తా ఉండాది. ఈ బిడ్డ అల్లూరులో టీచరు. చక్కంగా రాస్తాది. చక్కంగా రాస్తాది కాబట్టే నాకు కొంచెం భయం.

నా ఉద్యోగం పేరు ఎఫ్.ఎన్.ఓ. కాయితం మీద ఫిమేల్ నర్సింగ్ ఆర్డర్లీ అని ఉంటాది, ఊళ్ళో ఆయా అంటారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పైన డాక్టరు, ఆ కింద స్టాఫ్ నర్సు, మందులిచ్చే ఫార్మసిస్టు, రక్తం చూసే ల్యాబు మనిషి, ఊళ్ళమ్మటి తిరిగే ఏఎన్ఎంలు, అందరి తర్వాత నేను. నా తర్వాత ఊడ్చేవాళ్ళు. కాన్పు చేసేది సిస్టరు. ఆయా బిడ్డని పట్టకూడదు, కత్తెర ముట్టకూడదు. బల్ల మీద రబ్బరు షీటు పరచడం, సామాన్లు కడిగి ఆవిరి డ్రమ్ములో పెట్టడం, నొప్పులు పడేదాని భుజం పట్టుకోవడం, మాయ పసుప్పచ్చ సంచిలో కట్టి పెట్టడం, నేల బ్లీచింగు నీళ్ళతో తుడవడం, ఇదీ నా పని. లేబరు రూములోకి చీమ కూడా రాకూడదు. ఈ చీమ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళా వస్తాది.

కరోనాకి ముందు నన్ను అల్లూరు పక్క నుంచి సముద్రం ఒడ్డు పాళేనికి దగ్గరుండే ఆస్పత్రికి మార్చినారు. అది మా అత్తగారి ఊరే. రిటైరు కావడానికి ఎక్కువ కాలం లేదు, మా ఆయనకి ఛాతీలో జబ్బు ముదిరింది, అందుకని నేనే అడిగి ఏయించుకున్నా.

మా ఆయన పేరు ప్రకాశం. బోర్డు పెయింటరు. ఆ ఒడ్డున ఏ పడవ మీద పేరు చూసినా, ఏ చర్చి మీద శిలువ చూసినా ఆయన చేత్తో ఏసిందే. లారీల మీద ఆంజనేయస్వామి ఆయనే, దర్గా గోడ మీద నెలవంక ఆయనే, ఓట్లప్పుడు అన్ని పార్టీల గుర్తులూ ఆయనే. "పొద్దున సైతాను, సాయంత్రం దేవుడు, డబ్బా మటుకు ఒకటే," అని నవ్వేవాడు. నవ్వితే దగ్గొచ్చేది. ఆ రంగుల ఘాటే ఛాతీని తినేసింది అన్నారు డాక్టర్లు. ఎక్కువ కాలం లేదని కూడా అన్నారు. ఆయన దానికి పెద్దగా బాధపడలా. ఆయనకి ఒక్కటే కోరిక. సరుగుడు తోపు పక్కన మా చర్చి సంఘం సమాధుల తోట ఉంది. మా తొలిచూలు బిడ్డ ఆడ ఉండాడు, ఇంట్లో కాన్పయి, పుట్టి ఏడవకుండానే పోయినాడు. వాడి పక్కన ఇంకొకరికి సరిపడా చోటు ఉంది. "ఆ చోటు నాది, ఎవురికీ ఇయ్యనీకు," అని నాతో ఒట్టేయించుకున్నాడు.

అది అట్టా ఉండనీండి, ఆస్పత్రి సంగతికొస్తా. అక్కడ లేబరు రూము ఉండేదే గాని కాన్పులు ఉండేవి కావు. పాళెం ఆడోళ్ళు పేర్లు రాయించుకుంటారు, ఐరన్ బిళ్ళలు తీసుకుని కోళ్ళకి ఏస్తారు, నొప్పులొస్తే ఆటో ఎక్కి నెల్లూరు పోతారు, లేకుంటే ఇంట్లోనే కంటారు. జిల్లా మీటింగుల్లో మా డాక్టరమ్మని నిలబెట్టి అడిగేవాళ్ళు. చిన్న వయసు ఆమె, తిట్లు తిన్నరోజు వచ్చి గోడలు సరిగ్గా లేవని మమ్మల్ని తిట్టేది. ఇంతలో తనిఖీ వస్తా ఉందని చెప్పినారు. జిల్లా నుంచి పెద్ద డాక్టరు వచ్చి శుభ్రం, రంగులు, బోర్డులు అన్నీ చూసి మార్కులేస్తారు. డాక్టరమ్మ మా ఆయన్ని పిలిపించి, రోడ్డు వైపు లేబరు రూము గోడ మీద డాక్టర్ల గుర్తు పెద్దదిగా ఏయమని, తన కారు అద్దం మీద అంటించుకున్న బొమ్మ చూపించింది. కర్ర ఒకటి, దానికి చుట్టుకున్న పాములు రెండు, పైన రెక్కలు. చూపించి, ట్రైనింగుకని నెల్లూరు పోయింది.

మా ఆయన గోడ ముందర బీడీ ముట్టించుకుని కూర్చున్నాడు.

"ఏందయ్యా ఆలోచన?" అన్నా.

"ఈ పాములకి పడగల్లేవే మే. చూస్తే నీరుకట్టు పాముల మాదిరి ఉండాయి. సర్కారు ఆస్పత్రి గోడ మీద నీరుకట్టు పామేస్తే ఏం మర్యాద? ఆ రెక్కలు చూడు, కోడికి పెట్టినట్టు. స్టిక్కరు ఏసినోడికి పామంటే తెలవదు."

రెక్కలు తీసేసినాడు. రెండు పాములకీ పడగలు పెట్టినాడు. ఎదురుబొదురు చూసుకునేటట్టు, పడగ మీద సుక్కలు కూడా పెట్టి, పొలుసు పొలుసుకీ నీడ ఏసి, ఆకుపచ్చ, పసుపుపచ్చ కలిపి కొట్టినాడు. ఎన్నో గుళ్ళకి జంట నాగుల రాళ్ళకి రంగులేసిన చెయ్యి గదా, అది దాని దోవన అది పోయింది. నిజం చెప్పాలంటే ఆయన జన్మలో అంత బాగా ఇంకోటి ఏయలా. ఆ వారమే పాము కరిచిన మనిషిని ఒకణ్ణి మంచం మీద మోసుకొస్తే, గేటు కాడ ఆ పడగలు చూసి వాడు కరిచిన పాము కంటే దీనికే ఎక్కువ జడుసుకున్నాడు. సూది మందిచ్చినాక కూడా బయటికి పోవాలంటే వెనక దోవ ఉందా అని అడిగినాడు.

డాక్టరమ్మ వచ్చి చూసి నోరు తెరిచింది. "ప్రకాశంగారూ, నేను చెప్పింది ఇదా?" అంది.

"అదేనమ్మా. కొంచెం ప్రాణం పోసినా," అన్నాడు ఈయన.

మళ్ళా ఏయిద్దాం, తనిఖీకి ఇంకా టైముంది అని ఆమె లోపలికి పోయింది. అంతలోకి నాగుల చవితి వచ్చింది.

పాళెం ఆడోళ్ళు చవితికి పాలు పోసే పుట్ట రోడ్డు కవతల ఉండేది. రొయ్యల గుంటలకని ఆ చేను మొత్తం మిషన్లు పెట్టి తవ్వేసినారు. పుట్ట పోయింది. పోలమ్మ అని ఒకామె ఉంది, పడవ మనిషి భార్య, పాళెంలో ఆమె ఏమంటే అదే. ఆ పొద్దు చెంబుతో పాలు, చలిమిడి, చిమ్మిలి, గుడ్లు పట్టుకుని, కడుపుతో ఉన్న కోడలు ధనలక్ష్మిని వెంటేసుకుని, ఆడోళ్ళనందరినీ తోలుకుని, పాలు ఎక్కడో ఒక చోట పోయాల గదా అని తిరగతా వచ్చి, మా గోడ చూసి ఆగిపోయింది.

నేను చీపురు పట్టుకుని అడ్డం నిలబడినా. "ఇది దేవుడు కాదక్కా, డాక్టర్ల గుర్తు," అన్నా.

"డాక్టర్లు బతికిచ్చేది ఈయన పేరు చెప్పుకునేగా? లేకుంటే గోడ మీద ఎందుకు ఏసుకుంటారు?" అంది పోలమ్మ. "నువ్వు పక్కకి జరుగు మే, పాలు మీద పడతాయి."

జరిగినా. ఏం చేస్తా? పసుపు పూసినారు, కుంకుమ పెట్టినారు, పాలు పోసినారు, గుడ్లు కొట్టినారు. మధ్యాన్నానికి చీమలు బారు కట్టి గోడెక్కి కిటికీలోంచి లేబరు రూములోకి దిగినాయి. డాక్టరమ్మ కేకలు. నేను ఫినాయిలు, బ్లీచింగు, గోరువెచ్చని నీళ్ళు. చవితి ఒక్కనాడే అనుకున్నాం. ప్రతి మంగళవారం మొదలుపెట్టినారు.

డాక్టరమ్మ రెండు వారాలు కోపం పట్టి, మూడో వారం తెలివి పట్టింది. గోడ కాడికి వచ్చినాళ్ళలో కడుపుతో ఉండేవాళ్ళే ఎక్కువ. బరువు చూసే మిషను, బీపీ మిషను తెచ్చి గోడ పక్క వరండాలో పెట్టించింది. పాలు పోసిన ప్రతి మనిషీ మిషను ఎక్కి పోవాలని రూలు. ఎక్కినారు. మిషను కూడా మొక్కుబడిలో భాగం అనుకున్నారో ఏమో, కొందరు దానికీ పసుపు పెట్టినారు. ధనలక్ష్మికి బీపీ ఎక్కువగా ఉన్న సంగతి ఆడనే తెలిసింది. మాత్రలిచ్చి, మళ్ళా మళ్ళా పిలిపించి చూసి, ముందుగానే నెల్లూరు పంపించినారు. తల్లీ బిడ్డా క్షేమంగా వచ్చినారు. పోలమ్మ ఊరంతా తిరిగి చెప్పింది, నాగదేవుడు నెల్లూరు దాకా తోడు పోయినాడని. ఆ తర్వాత బీపీ గీపీ లేనివాళ్ళు మా బల్ల మీదనే కనడం మొదలుపెట్టినారు. రాత్రి సిస్టరు పోస్టు కూడా ఇచ్చినారు. డాక్టరమ్మ నన్ను పిలిచి గట్టిగా చెప్పింది: ఆ గోడ ఎవ్వరూ ముట్టుకోకూడదు, మీ ఆయనతో సహా.

ఇంతవరకూ అందరూ సంతోషమే. ఇక్కడ నా కత మొదలు.

ఒక మంగళవారం నేను గోడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పాముల మూతుల మీద పసుపు గుడ్డతో తుడస్తా ఉంటే మా సంఘం అయ్యగారు రోడ్డు మీద సైకిలు ఆపినాడు. పాస్టరుగారిని మేం అయ్యగారంటాం. మంచాయనే, ఆకలయితే ఆదుకునే మనిషే.

"వందనాలు అయ్యగారూ," అన్నా లేవకుండానే. మోకాళ్ళు పట్టేసినాయి మరి.

ఆయన వందనం తీసుకోలా. "సంతోషమ్మా, నీ చేత్తో దేనికి సేవ చేస్తా ఉండావు?" అన్నాడు.

"చీమలొస్తాయని తుడస్తా ఉండానయ్యా."

"ఏదెను తోటలో హవ్వమ్మ కూడా పండు కోసమే పోయింది," అన్నాడు. ఆదివారం పెద్దల్ని కూర్చోబెట్టి తీర్పు చెప్పినాడు. ఆదిలో మనిషిని చెడగొట్టిన సర్పాన్ని ప్రకాశం తన చేత్తో ఏసినాడు, జనం దానికి మొక్కుతా ఉండారు, కాబట్టి వచ్చే సంస్కారం ఆదివారం లోపల తన చేత్తోనే చెరపాల. సంస్కారం అంటే ప్రభువు బల్ల కాడ రొట్టె, రసం తీసుకోవడం. చెరపకుంటే బల్ల లేదు, సంఘం లేదు, సమాధుల తోటలో చోటు లేదు.

ఆఖరు మాట ఆయన మెల్లిగానే అన్నాడు. మా ఆయన తల దించుకుని విని, ఇంటికొచ్చి పడుకున్నాడు. ఆ రోజు నవ్వలా, దగ్గలా.

నేను డాక్టరమ్మ కాడికి పోయినా. ఇది సర్కారు గోడ, ఆర్డరు లేకుండా ముట్టుకుంటే నా ఉద్యోగం పోద్ది, నీ పింఛను ఆగుద్ది, అంది. అయ్యగారి కాడికి పోయినా. "అయ్యా, అరణ్యంలో మోషే ఇత్తడి పాముని కర్రకి ఎత్తి పెడితే, చూసినాళ్ళు బతికినారని మీరే గదా చెప్పినారు," అన్నా.

"చెప్పినా. ఆ ఇత్తడి పాముకే తర్వాత జనం ధూపమేస్తే హిజ్కియా రాజు ముక్కలు చేసినాడని కూడా చెప్పినా. ఆ వారం నువ్వు రాలేదేమో," అన్నాడు.

రాలేదు నిజమే, డ్యూటీ పడింది.

ఇంటికొచ్చి రెండు మాటలూ మా ఆయనకి చెప్పినా. "ఒక గోడ కాడ ఇంతమంది కొట్లాడతా ఉండారంటే బాగా ఏసినట్టే గదా మే," అన్నాడు. ఆ పొద్దు సంగటి సగం తిన్నాడు. తిని, "నా చోటు ఎట్టా?" అన్నాడు. సంస్కారం ఆదివారం దగ్గర పడతా ఉంది, ఆయనకి గాలి తీసుకోను కష్టమవతా ఉంది. ఏది ముందొస్తాదో తెలియదు.

ముందు తనిఖీ వచ్చింది.

జిల్లా నుంచి వచ్చిన పెద్ద డాక్టరు తల నెరిసిన మనిషి. లేబరు రూము చూసినాడు, డ్రమ్ము మూత తీసి చూసినాడు, కిటికీ కింద వేలు పెట్టి రాసి చూసినాడు. చీమ లేదు. బయటికొచ్చి గోడ ముందు నిలబడి పడీ పడీ నవ్వినాడు.

"ఇదెక్కడి నుంచి తెచ్చినారమ్మా?" అన్నాడు.

డాక్టరమ్మ కారు అద్దం చూపించింది.

ఆయన చెప్పింది నాకు అర్థమయినంత చెప్తా. గ్రీకు దేశంలో వైద్యానికి ఒక దేవుడు ఉండేవాడంట, ఆయన కర్రకి ఒకటే పాము. రెండు పాములూ రెక్కలూ ఉండేది ఇంకో దేవుడి కర్రకి. ఆ దేవుడు వార్తలు మోసేవాడు, వ్యాపారం చేసేవాళ్ళకీ దొంగలకీ కూడా ఆయనే దిక్కంట. అమెరికా సైన్యంలో డాక్టర్లు ఎప్పుడో దాన్ని చొక్కాకి తగిలించుకుంటే, అదే వైద్యం గుర్తనుకుని అందరూ అంటించుకున్నారంట. "నెల్లూరులో కొన్ని నర్సింగ్ హోములకైతే ఇదే కరెక్టు. మనకి ఒక్క పామే ఉండాల. ఒకటి తీసేయించండి," అని రాసి ఇచ్చి పోయినాడు. కాన్పులు పెరిగినందుకు మార్కులేసినాడు, గుర్తు తప్పయినందుకు కోసేసినాడు.

డాక్టరమ్మ కారు కాడికి పోయి అద్దం మీద స్టిక్కరు గోరుతో గీకడం మొదలుపెట్టింది. అది రాలా.

ఆర్డరు వచ్చింది కాబట్టి మా ఆయన్ని ఆటోలో తీసకపోయినా. స్టూలేసి కూర్చోబెడితే సున్నం బకెట్టు, బ్రష్షు పట్టుకుని ఈ పాముని ఒకసారి, ఆ పాముని ఒకసారి చూసినాడు. ఏ పాముని తీయాలో చెప్పలేదు గదా పెద్ద డాక్టరు. ఇంతలో పోలమ్మ మనవణ్ణి చంకనేసుకుని ఉరుక్కుంటా వచ్చింది.

"ఏం అబ్బయా, జంటని విడదీస్తావా? నీ చెయ్యి ఎట్టా ఆడద్ది?"

"ఆడటం లేదులే అత్తా. రాసిచ్చినారు పైనుంచి," అన్నాడు.

కుడి పక్క దాన్ని చెరిపినాడు. ఎందుకు అదంటే, ఎడం పక్కది కిటికీకి దగ్గర, సున్నం లోపలికి చిందితే నేను కడుక్కోవాల్సి వస్తాదని. మిగిలిన దానికి పడగ తీయలా. తీయమని కాయితంలో లేదన్నాడు.

ఇంక చూడండి ఆ వారం. డాక్టరమ్మ ఫోటో తీసి పైకి పంపించింది, ఇప్పుడు సరైన గుర్తని. అయ్యగారు సైకిలు మీద వచ్చి, దిగి చూసినాడు. కర్ర మీద ఒక్క పాము. "ఇది మోషే ఎత్తింది," అన్నాడు. నేనన్నప్పుడు కాదన్నాడు, ఇప్పుడు ఆయనే కనిపెట్టినట్టు అన్నాడు. అవునయ్యా అన్నా, నాకు చోటు కావాల. ఆదివారం మా ఆయనకి ఇంటికే రొట్టె, రసం తెచ్చి ఇచ్చినాడు. మంగళవారం పోలమ్మ మామూలుగా పాలచెంబుతో వచ్చింది. జంట పోయిందిగా, ఇప్పుడెవరక్కా ఈయన అంటే, నా వైపు జాలిగా చూసి, "ఒంటిగా ఉంటే సుబ్బారాయుడు. ఆ మాత్రం తెలవదా?" అంది. సుబ్బారాయుడికి కూడా మంగళవారమేనంట. ఆడోళ్ళు బరువు మిషను ఎక్కినారు, నేను చీమలు తుడిచినా.

అందరికీ సరిపోయింది, గోడకే సరిపోలా. అన్ని వారాలు నూనె, పసుపు పీల్చిన గోడ గదా. సున్నం ఆరేకొద్దీ చెరిపిన పాము మెల్లిగా పైకి తేలింది, పసుప్పచ్చగా, పడగతో సహా. మా ఆయన పనిలో ఒక్క తప్పు కూడా ఒప్పుకోడు. నెల్లూరు మంచం మీద కూడా ఆయన మనసులో ఉన్నది అదొక్కటే. మొదట్లో చెప్పినా గదా.

పోయినాడు. సరుగుడు తోపు పక్కన బిడ్డ పక్కనే పెట్టినాం. అయ్యగారు ప్రార్థనలో, విగ్రహాన్ని తన చేత్తో చెరిపిన విశ్వాసి అన్నాడు. డాక్టరమ్మ వచ్చి, జిల్లాలో సరైన గుర్తు మా ఆస్పత్రికే ఉంది, అది ప్రకాశంగారి చలవే అంది. పోలమ్మ తోట బయట నిలబడి పాళెం ఆడోళ్ళతో, పుట్ట పోతే దేవుణ్ణి ఆస్పత్రికి తెచ్చిచ్చిన మహానుభావుడు అని ఏడ్చింది. మూడు మాటలూ నేను విన్నా. ఆయన ఉంటే ముగ్గురికీ ఊఁ కొట్టి, ఇంకో కోటింగు సంగతి ఎత్తేవాడు.

ఆ కోటింగు నేను ఏయించలా. రిటైరయిందాకా ఆ గోడ అట్టనే ఉండింది. డాక్టర్లు మారినారు, ఎవురూ సున్నం కిందది అడగలా.

పుస్తకం వాళ్ళు చివర్లో ఏం నేర్చుకున్నావో చెప్పమన్నారు. గోడ మీద ఏముందని ఎవురితోనూ వాదం పెట్టుకోకూడదు. ఎవురు ఏమనుకుని వచ్చినా గేటు లోపలికి వచ్చినారా, మిషను ఎక్కినారా అది చూసుకోవాల. చీమలు లోపలికి రానీకూడదు. పైనుంచి చెప్పేటప్పుడు నోటితో కాదు, కాయితం మీద రాయించుకోవాల. అంతే, ఇంకేం లేదు.

రూతూ, పెన్ను పక్కన పెట్టు మే. మొదట్నుంచి చదివి వినిపించు. నువ్వు ఆయన రక్తం కాకపోయినా ఆయన చేతి కిందే అక్షరాలు దిద్దుకున్నావు, నా మాటలకి ఎక్కడెక్కడ పడగలు పెట్టినావో చూడాల. చదువు, వింటా ఉండా.